అందరికీ ఒకే కాగితమా?

కొలనోస్కోపీలో మలద్వారం గుండా పొడవాటి మెత్తని గొట్టం పంపి, దాని కొసన ఉన్న కెమెరాతో పెద్దపేగు లోపలి గోడను చూస్తారు. పేగులో మలం మిగిలి ఉంటే ఆ గోడ కనబడదు. కండ మొలకలా పెరిగే పాలిప్ గానీ, పేగు కుడి భాగంలో చదునుగా అంటుకుని ఉండే గడ్డ గానీ, మన దేశంలో చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట వచ్చే క్షయ పుండు గానీ పలచటి మలం పొర కింద ఉంటే డాక్టరు కంటికి ఆనదు. అందుకే ముందుగా పేగును కడిగి ఖాళీ చేయడం పరీక్షలో సగం పని. ఎంత శుభ్రపడిందో చెప్పడానికి బోస్టన్ కొలమానం వాడతారు. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ భాగాలుగా తీసుకుని ఒక్కో దానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 వస్తేనే శుభ్రత చాలినట్టు లెక్క.

ఇప్పుడు ఎక్కువగా వాడే మందు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. లవణాలు కలిపిన ఈ ద్రావణాన్ని 1980లో అమెరికాలో ఫోర్డ్‌ట్రాన్ బృందం రూపొందించింది. ఇది రక్తంలోకి పెద్దగా ఇంకదు, ఒంట్లోని నీటిని పేగులోకి లాగదు. తాగినది తాగినట్టే పేగును కడుగుతూ బయటికి పోతుంది. మొదట్లో 4 లీటర్లు తాగించేవారు. ఇబ్బందులేవీ లేనివాళ్లకు ఇప్పుడు 2 లీటర్లు చాలంటున్నారు. సగం ముందురోజు సాయంత్రం తాగాలి. మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందుకల్లా ముగించాలి. ముందురోజు పీచు తక్కువగా ఉండే తిండి తినాలి. ఇదంతా ఒక కాగితం మీద అచ్చువేసి ఇస్తారు. గుండె, కిడ్నీలు, కాలేయం బాగున్న నడివయసు మనిషికి ఆ కాగితం చాలు. మధుమేహం, కిడ్నీ జబ్బు, గుండె నీరసం, పక్షవాతం, మతిమరుపు ఉన్నవాళ్లకు కూడా అదే చాలునా అన్న దగ్గర వివాదం మొదలవుతుంది.

తమిళనాడులోని పెరియకుళం లాంటి ఊళ్లో ఈ వివాదానికి బరువెక్కువ. కొడైకానల్ కొండల కింద, వరాహ నది ఒడ్డున, మామిడితోటల మధ్య ఉన్న ఈ ఊళ్లో నాయకరాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో మాట తెలుగు, చదివే లిపి తమిళం. పెద్ద పరీక్షలకు చాలామంది మదురై పోతారు. 75 కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సులో రెండు గంటల పైనే ప్రయాణం. ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని అమలుచేయాల్సింది డాక్టరు కంటికి దూరంగా, ఈ ఊరి ఇంట్లో, ఒక రాత్రిపూట.

ఇక్కడ వాదించే ఇద్దరూ ఆ కాగితాన్ని రెండు చివర్ల నుంచి చూసినవాళ్లు. అత్త మదురైలో ఎండోస్కోపీ వార్డు నర్సుగా చేసి పదవీ విరమణ పొందింది. మేనల్లుడికి పెరియకుళంలో మందుల కొట్టు ఉంది. కాగితాన్ని అక్షరం తప్పకుండా పాటించాలన్నది అత్త పక్షం. మనిషిని బట్టి దాన్ని మార్చాలన్నది అల్లుడి పక్షం.

అత్త: మినహాయింపు అడిగినవాళ్లే రెండోసారి వస్తారు నాయనా. “పెద్దావిడ, తట్టుకోలేదు” అని ఇంట్లోవాళ్లే సగం మందు పారబోస్తారు. తీరా బల్ల మీద పడుకోబెట్టాక పేగు నిండా మలమే. పరీక్ష ఆపేస్తారు. మళ్లీ పస్తు, మళ్లీ విరేచనాలు, మళ్లీ బస్సు, మళ్లీ ఖర్చు. జాలిపడి తగ్గించిన ఆ లీటరే ఆమెను రెండుసార్లు ఏడిపించింది.

అల్లుడు: తగ్గించమని నేనూ అనను అత్తా. నా కొట్టుకు వచ్చే కాగితం ఎప్పుడూ ఒకటే, తెచ్చిన మనిషే వేరు. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగండి అని అడుగున ఒక వరస ఉంటుంది. ఎవరు అడుగుతున్నారు? మామూలు మాత్ర మామూలుగానే వేసుకుని, అన్నం మాత్రం మానేస్తారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర తిండి ఉన్నా లేకున్నా షుగర్‌ను దించుతుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, మరుగుదొడ్డి దగ్గరే కూలిపోతే దాన్ని మందు పనిచేయడమనుకుంటారు.

అత్త: షుగర్ పేరు చెప్పి పొద్దున్నే రెండు ఇడ్లీలు తినేసి వచ్చేవాళ్లను నువ్వు చూడలేదు.

అల్లుడు: ఇడ్లీ వద్దనే చెప్పాలి. దాని బదులు ఏం తాగాలో కూడా చెప్పాలి కదా. వడగట్టిన నిమ్మరసంలో చక్కెర, పాలు కలపని టీ, గుజ్జు లేని ఆపిల్ రసం. ఇవన్నీ తేట ద్రవాలే. రోజూ చక్కెర మానమని చెప్పిన మనిషికి ఈ ఒక్క రోజు తాగవచ్చని నోరు తెరిచి చెప్పకపోతే, పంతంగా ఉత్త నీళ్లే తాగుతాడు. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. కాగితంలో ఆ వరస లేదు.

షుగర్ విషయంలో అల్లుడి వాదానికి ఇంకా గట్టి ఆధారం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంటు 2020లో ముగిశాక మన దేశంలో చాలా కంపెనీలు దాన్ని చౌకగా అమ్ముతున్నాయి. ఈ మాత్ర వేసుకుంటూ పస్తుండి, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే రక్తంలో ఆమ్లాలు పేరుకోవచ్చు. ప్రమాదమేమిటంటే, అప్పుడు గ్లూకోమీటరులో అంకె మామూలుగానే కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లు పేగు మందు మీదికి నెడతారు. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలకు కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్రలు ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచించింది. కొలనోస్కోపీకీ చాలామంది డాక్టర్లు ఇదే పద్ధతి పాటిస్తారు. ముందురోజు చేతికి ఇచ్చిన కాగితం ఈ పనికి రాదు. మాత్రల జాబితాను పరీక్ష తేదీ ఖరారు చేసే రోజే చూడాలి. ఇన్సులిన్ సంగతి వేరు. మోతాదు తగ్గించాల్సి రావచ్చు, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇలాంటివాళ్లకు ఉదయం మొదటి వరసలో పరీక్ష పెడితే పస్తు గంటలు తగ్గుతాయి.

అత్త దీనికి అడ్డు చెప్పలేదు, ఇంకో మాట కలిపింది.

అత్త: ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పేగు నరాలు మందగిస్తాయి. అలాంటి పేగు మామూలు మోతాదుకు శుభ్రపడదు. అంటే నీ షుగర్ మనిషికి కావలసింది తక్కువ మందు కాదు, ఎక్కువ మందు.

అల్లుడు: అదే నేనూ చెప్పేది. కాగితం మారాలంటే కొన్నిసార్లు బరువెక్కాలి.

ప్రత్యేక అవసరం అనగానే సడలింపు అని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు నిజం అందుకు ఎదురుగా ఉంటుంది. దీర్ఘకాలం మలబద్ధకం ఉన్నవాళ్లు, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడేవాళ్లు, పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు అందరికీ పేగు నెమ్మదిగా కదులుతుంది. వీళ్లు రెండు మూడు రోజుల ముందు నుంచే పీచు తక్కువ తిండికి మారాలి. అంటే తెల్ల అన్నం, ఇడ్లీ, ఇడియాప్పం, పెరుగు, గుడ్డు. ఆకుకూర, మునక్కాయ, జామ, పీచు మామిడి, కంబు జావ, పొట్టు పప్పులు మానాలి. డాక్టరు అదనంగా విరేచనాల మందు రాయవచ్చు, పొడి మోతాదు పెంచవచ్చు. రక్తహీనతకు వాడే ఇనుము మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేసి పేగు గోడకు అంటిస్తాయి కాబట్టి వాటిని అయిదు నుంచి ఏడు రోజుల ముందే ఆపాలి. రక్తహీనతకు కారణం వెతకడానికే కొలనోస్కోపీ చేయించుకునే ఆడవాళ్లు చాలామంది. ఇనుము మాత్ర ఆపాలన్న మాట వాళ్లకే ముందు చేరాలి.

కిడ్నీ జబ్బు దగ్గర ఇద్దరి మధ్య మాట పెరిగింది.

అత్త: రెండు లీటర్ల నీళ్లు చూసి భయపడేవాళ్లు చిన్న సీసా మందు అడుగుతారు. చిన్నది కాబట్టి చివరి చుక్కదాకా తాగుతారు. పేగు శుభ్రంగా ఉంటుంది. ఆ మాట వరకు అది నిజం.

అల్లుడు: పేగు శుభ్రమే అత్తా, కిడ్నీ మాటేమిటి? ఆ సీసాలో సోడియం ఫాస్ఫేట్ ఉంటుంది. ఒంట్లోని నీటిని పేగులోకి గుంజుతుంది. ఎండిపోయిన కిడ్నీలో కాల్షియం ఫాస్ఫేట్ పలుకులుగా పేరుకుంటుంది. పరీక్ష బాగా జరిగిందని ఇంటికి పోతారు. కిడ్నీ చెడిందని వారాల తర్వాత బయటపడుతుంది. అప్పుడు ఈ మందును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అల్లుడు చెప్పినది వైద్యలోకంలో స్థిరపడిన విషయం. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఫాస్ఫేట్ పేగు మందులకు అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక జోడించింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, వయసు మీరినవాళ్లు, ఒంట్లో నీరు తగ్గినవాళ్లు, మూత్రం మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు వాడేవాళ్లు ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు. మెగ్నీషియం కలిసిన మందులు కూడా పాడైన కిడ్నీకి తగవు. బయటికి పోలేని మెగ్నీషియం రక్తంలో పెరిగి గుండె లయను, ఊపిరిని దెబ్బతీస్తుంది. కిడ్నీ, గుండె, కాలేయం మూడింట్లో ఏది బలహీనంగా ఉన్నా, తాగడానికి కష్టమైన ఆ పెద్ద పరిమాణపు పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణానికే మొదటి చోటు. చిన్న సీసా సుఖం ఇలాంటివాళ్లకు పనికిరాదు.

అత్త: సరే, ఆ సీసాను నేను సమర్థించను. డయాలిసిస్ మనిషికి రోజుకు లీటరు నీళ్లు మించవద్దని మీరే చెప్తారు. మరి ఈ లీటర్ల సంగతేమిటి?

అల్లుడు: ఆ ద్రావణం చాలావరకు ఒంట్లోకి ఇంకదు, పేగులోంచే పోతుంది. లెక్కపెట్టాల్సింది దానితో పాటు తాగే మిగతా ద్రవాలను. మన ఊళ్లో అసలు చిక్కు కొబ్బరిబొండం. విరేచనాలంటే చాలు, ఇంటింటా బొండమే. తేట ద్రవమే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. ఒక్క బొండం నీళ్లలో అరటిపండంత పొటాషియం ఉంటుంది, కాయ పెద్దదైతే అంతకు మించి. కిడ్నీ చెడినవాళ్లకు నాలుగు బొండాలు తాగిస్తే గుండె ఆగిపోయే ముప్పు తెచ్చినట్టే. పండ్ల రసాలదీ అదే దారి.

అత్త: గుండె మనిషికి, కిడ్నీ మనిషికి ఏది ఎంతో మీ లెక్క మీకుంటుంది. ఇంట్లో రాత్రి పదింటికి గ్లాసు పట్టుకున్న కోడలికి ఆ లెక్క ఎలా తెలుస్తుంది? అందుకే ముప్పు ఉన్నవాళ్లందరినీ ఒకరోజు ముందే ఆసుపత్రిలో చేర్చుకోవాలంటాను.

ఈ చోట వాదం అత్త వైపు మొగ్గుతుంది. కొందరికి ఇల్లు నిజంగా తగిన చోటు కాదు. వెన్నుపాము ఛాతీ మధ్య భాగానికి పైన దెబ్బతిన్న మనిషికి పేగు ఉబ్బితే చాలు, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకవచ్చు. తల పగిలే నొప్పి, ముఖమంతా చెమట దానికి గుర్తులు. దాన్ని గుర్తించే చేతులు పక్కనే ఉండాలి. మంచాన పడినవాళ్లకు గంటగంటకూ ఒళ్లు శుభ్రం చేయకపోతే, చర్మానికి వాసెలిన్ గానీ జింకు పూత గానీ రాయకపోతే ఒక రాత్రిలోనే ఒరుసుకుపోయి పుండు లేస్తుంది. మింగడం సరిగా లేనివాళ్లకు ద్రావణం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి పోయడం, ముక్కు మూసి తాగించడం ఎవరికీ చేయకూడదు. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఇవ్వాలి, దగ్గు వస్తే వెంటనే ఆపాలి. మూర్ఛ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ద్రావణానికి గంట ముందు లోపల మింగిన మాత్ర ఒంటికి పట్టకుండానే కొట్టుకుపోవచ్చు. అదే రాత్రి ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ రావచ్చు. గర్భిణులకు తప్పనిసరైతేనే పరీక్ష చేస్తారు. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది.

అల్లుడు ఇదంతా ఒప్పుకుంటూనే ఒక హద్దు గీశాడు.

అల్లుడు: అందరికీ మంచం ఎక్కడ దొరుకుతుంది అత్తా? కర్ర పట్టుకుని నడిచే పెద్దాయనకు మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో లైటు, రాత్రి మేలుకునే మనిషి ఒకరు ఉంటే ఇల్లే చాలు. మతిమరుపు ఉన్నావిడకు కొత్త వార్డు కంటే రోజూ చూసే మొహమే మేలు. గ్లాసు ఎందుకు ఇస్తున్నావని ఆమె పదిసార్లు అడుగుతుంది. పదిసార్లూ చెప్పే ఓపిక కూతురికి ఉంటుంది. ద్రావణాన్ని చల్లబరిచి స్ట్రాతో ఇస్తే సగం వెగటు పోతుంది. పుట్టుకతో మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లలకూ అంతే. చేర్చవలసినవాళ్లను చేర్చండి. మిగతావాళ్లకు రాత్రి ఫోన్ ఎత్తే ఒక మనిషిని ఇవ్వండి.

అత్త: ఫోన్‌లో మొహం కనబడదు నాయనా.

ఈ ఒక్క అంశంలో ఇద్దరూ రాజీపడలేదు. పడకల సంఖ్య, ఇంటి మనుషుల సంఖ్య తేల్చవలసిన విషయమిది. ఏ ఒక్క నియమమూ దీన్ని అన్ని ఇళ్లకూ ఒకేలా తేల్చలేదు.

దూరం సంగతి మాత్రం ఇద్దరూ కలిసి విప్పారు. ఉదయం ఎనిమిదింటికి మదురైలో పరీక్ష అంటే, రెండో సగం మందు తెల్లవారుజామున మూడింటికి మొదలుకావాలి, మనిషి అయిదున్నరలోపే బస్సెక్కాలి. విరేచనాలు జరుగుతుండగా అంత దూరం ప్రయాణమంటే భయపడి, పెరియకుళంవాళ్లు మందంతా ముందురోజు సాయంత్రమే తాగేస్తారు. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే జిగట ద్రవం తెల్లారేసరికి పేగు కుడి భాగాన్ని మళ్లీ కప్పేస్తుంది. చదును గడ్డలు ఎక్కువగా తప్పిపోయేది ఆ భాగంలోనే. దూరపు మనిషికి మధ్యాహ్నం వేళ ఇస్తే చిక్కు తీరుతుంది. రెండింటికి పరీక్ష అనుకుంటే, ఎనిమిదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించి, కడుపు కుదుటపడ్డాక పదకొండింటికి బయలుదేరవచ్చు. ఉదయమే కావలసిన షుగర్ మనిషి అయితే ముందు రాత్రి మదురైలో బంధువుల ఇంట్లో ఉండడం మేలు. వేళ ఇచ్చే గుమస్తా అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ ఊరని.

అత్త: ఇన్ని తిప్పలు ఉంటే అసలు ఈ పరీక్ష ఎందుకు చేయించాలో అది చెప్పు ముందు.

అల్లుడు: ఈ ప్రశ్న మీరు అడుగుతారనుకోలేదు. కానీ మొదట అడగాల్సింది ఇదే.

బాధ ఏమీ లేని మనిషికి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష వేరు, రక్తం పడుతున్న మనిషికి చేసే పరీక్ష వేరు. అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లో ముందుజాగ్రత్త పరీక్షలను 45 నుంచి 75 ఏళ్లవాళ్లకు సిఫారసు చేసింది. 76 నుంచి 85 వరకు మనిషి ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించమంది. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే పరీక్షకు పస్తు గానీ పేగు మందు గానీ అక్కర్లేదు. లక్షణాలు లేని బలహీనుడికి ముందు అది చాలు. లక్షణాలు ఉండి పేగు మందును తట్టుకోలేనివాళ్లకు కొన్నిసార్లు సీటీ స్కాన్‌తో గడ్డ ఉందో లేదో చూస్తారు. క్షయ అని అనుమానం ఉంటే మాత్రం స్కాన్ చాలదు. ముక్క తీసి పరీక్షించాలి, దానికి కొలనోస్కోపీ కావాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. ఆ స్థితిలో ఏ పేగు మందూ ఒక్క గుక్క కూడా తాగకూడదు.

పాత అలవాట్ల గురించి ఒక మాట. కొన్నిచోట్ల ఇప్పటికీ మానిటాల్ ద్రావణం తాగిస్తారు. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి మండే వాయువులు పుట్టిస్తాయి. 1979లో ఫ్రాన్స్‌లో మానిటాల్‌తో శుభ్రం చేసిన పేగులో విద్యుత్ తీగతో పాలిప్ తీస్తుండగా పేలుడు జరిగి రోగి మరణించాడు. కాలేయం జబ్బువాళ్లు వాడే లాక్టులోజ్ కూడా ఇలాగే వాయువు పుట్టిస్తుంది కాబట్టి, దాన్ని పేగు శుభ్రతకు వాడరు. ఇంటి ఆముదం మీద నమ్మకం పెట్టుకుంటే ఏ భాగం ఎంత శుభ్రపడుతుందో చెప్పలేం. ఎరుపు, ఊదా రంగు పానీయాలు లోపల రక్తంలా కనిపిస్తాయి. నన్నారి షర్బత్, ద్రాక్షరసం ముందురోజు వద్దు. మజ్జిగ ఎంత పలచన చేసినా తేట ద్రవం కాదు.

జి6పీడీ లోపం ఉన్నవాళ్లకు విటమిన్ సి కలిసిన పొడులు ఎర్ర రక్తకణాలను పగలగొట్టవచ్చు. ఆ లోపం ఉందని తెలిసినవాళ్లు ముందే చెప్పి, అది లేని రకం తీసుకోవాలి.

మాత్రల జాబితా ఎవరు తెస్తారన్న దగ్గర అల్లుడు చూపిన దారి ఊరికి తగినది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్ మందులను ఇంటికే తెచ్చి ఇస్తారు. ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో వాళ్లకు తెలుసు. మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని పరీక్ష తేదీ తీసుకునేటప్పుడే చూపిస్తే చాలు, పేర్లు చదవడం రాకపోయినా ఫరవాలేదు.

అత్త: అయితే నా కాగితాన్ని చింపకు. దానికి రెండో కాగితం కుట్టు. అందులో ఆ మనిషి పేరు, మాత్రల పేర్లు, ఏది ఏ రోజు ఆపాలి, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, ఏ ద్రవం వద్దు అన్నవి డాక్టరే రాయాలి. నువ్వూ కాదు, నేనూ కాదు.

అల్లుడు: ఒప్పుకున్నాను. మూత్రం మాత్ర, కొన్ని బీపీ మాత్రలు ఆ రోజు ఆపాల్సి రావచ్చు. మిగతా బీపీ మాత్రలు వేసుకోవాల్సి రావచ్చు. ఆస్పిరిన్ సాధారణంగా ఆపరు. క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు, వార్ఫరిన్ ఆపితే ఒంట్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఆపకపోతే పాలిప్ తీసిన చోట రక్తం ఆగకపోవచ్చు. దాన్ని కొట్టు బల్ల మీద తేల్చే హక్కు నాకు లేదు.

అత్త: ఇంకో వరస కూడా రాయించు. ఆగని వాంతులు, భరించలేని కడుపునొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఛాతీ నొప్పి వస్తే మందు ఆపి 108కి ఫోన్ చేయమని. శుభ్రత పూర్తి కాలేదన్న భయంతో ఎవరూ తాగుతూ కూర్చోకూడదు.

పరీక్ష ముగిసినా రెండో కాగితం పని ముగియదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మామూలుగా తినడం మొదలయ్యాకే పాత మోతాదుకు వస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు తిండీ నీళ్లూ రెండూ కుదుటపడ్డాకే మొదలుపెట్టాలి. మూత్రం మాత్రలు మళ్లీ ఎప్పుడు వేసుకోవాలో ఒంట్లో నీటి స్థితిని చూసి డాక్టరు చెబుతారు. డయాలిసిస్ రోగికి తర్వాతి డయాలిసిస్ వాయిదా పడకూడదు. పాలిప్ తీసి ఉంటే, రక్తం పలుచబరిచే మందు ఏ తేదీ నుంచి మళ్లీ వేసుకోవాలో తీసిన డాక్టరు రాసి ఇవ్వాలి. నల్లటి మలం గానీ ఎర్రటి రక్తం గానీ పడితే రెండు వారాల తర్వాతైనా ఆసుపత్రికి రావాలని ఆ కాగితంలోనే ఉండాలి.